రెండు తీగలు మిగిలిన హ్యాండ్‌సెట్

2022 ఏప్రిల్. నంద్యాలలో పాత మార్కెట్టు వెనక సందులో నా రిపేరు షాపు. ఎండ సంగతి రాయను. నంద్యాల ఎండను వర్ణించినవాళ్లెవరూ దాన్ని తగ్గించలేకపోయారు. ఇందులో పేర్లు మార్చాను. మిగతాదేదీ మార్చలేదు. మార్చడానికి వీలుంటే మార్చేవాణ్నే.

ముందు నా పని గురించి చెప్పాలి. నంద్యాల నుంచి సముద్రం చూడాలంటే ఒక పగలంతా బస్సులో కూర్చోవాలి. అయినా పదిహేనేళ్లుగా నేను ఓడల రేడియోలు బాగుచేస్తున్నాను. ఎలక్ట్రానిక్స్‌లో డిగ్రీ చేసి వచ్చి రిపేరు షాపు పెడతానంటే, బట్టల కొట్టు నడిపే మా నాయన రెండు రోజులు ఆలోచించి, "చొక్కా చినిగితే చొక్కాను తిడతారు. రేడియో చెడితే బాగుచేసినోన్ని తిడతారు. చూస్కో" అన్నాడు. డిగ్రీ మూడేళ్లలో నాకు ఇంత సూటిగా ఎవరూ ఏదీ చెప్పలేదు.

మెరైన్ రేడియో అంటే ఓడల్లో, పెద్ద పడవల్లో ఉండే సెట్టు. పాత ఓడలు విప్పినప్పుడు ఇవి చెన్నై పాత సామాన్ల బజారుకు వస్తాయి, అక్కణ్నుంచి మా వైపుకు వస్తాయి. ఉప్పుగాలిని తట్టుకునేలా చేసినవి కాబట్టి మా క్వారీల దుమ్ము వాటికి వేసవి సెలవుల్లాంటిది. పన్నెండు వోల్టుల బ్యాటరీ ఉంటే చాలు, నడుస్తాయి. కంకర మిషన్లవాళ్లు, క్వారీలవాళ్లు, నందికొట్కూరు అవతల కృష్ణ వెనకజలాల్లో బోట్లు తిప్పేవాళ్లు వీటిని కొంటారు. వీటికి లైసెన్సు ఉండాలి. నేను అడిగేవాణ్ని కాదు, వాళ్లు చెప్పేవాళ్లు కాదు. ఈ విషయంలో మా మధ్య ఎన్నడూ మాట తేడా రాలేదు.

సెట్టు అంత త్వరగా చెడిపోదు. చెడిపోయేది హ్యాండ్‌సెట్ కేబులు. హ్యాండ్‌సెట్ అంటే పాత ల్యాండ్‌లైన్ ఫోను రిసీవరు లాంటిదే, పక్కన ఒక బటన్ అదనం. ఆ బటన్ను పీటీటీ అంటాం, పుష్ టు టాక్, నొక్కి మాట్లాడేది. నొక్కితే మన మాట అవతలికి పోతుంది, వదిలితే అవతలి మాట మనకు వస్తుంది. చుట్టలు చుట్టలుగా ఉండే ఆ కేబుల్లో నాలుగు తీగలుంటాయి. ఒకటి మైకుది, ఒకటి బటన్‌ది, ఒకటి చెవి దగ్గరి బుల్లి స్పీకరుది, నాలుగోది అన్నిటికీ ఉమ్మడిగా ఉండే గ్రౌండ్. అవి మామూలు రాగి తీగలు కావు. నూలు దారానికి సన్నటి రాగి రేకు చుట్టి చేసినవి. టిన్సెల్ వైర్ అంటారు. ఎంత వంచినా తెగదని పుస్తకంలో ఉంటుంది. పుస్తకం రాసినాయన మా బోటువాళ్లను చూడలేదు. వాళ్లు ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, ఇంకో చేత్తో హ్యాండ్‌సెట్‌ను చుట్టలన్నీ విచ్చుకునేదాకా లాగుతారు. పని అయ్యాక దాన్ని కేబులుతోనే మేకుకు తగిలిస్తారు. రెండేళ్లు తిరిగేసరికి లోపల దారం మిగులుతుంది, రాగి ఉండదు.

తెగింది ఎక్కడో పట్టుకోవడం ఓపిక పని. మల్టీమీటరు పెట్టి, ఒక్కో తీగనూ అంగుళం అంగుళం వంచుతూ మీటరు కూత ఎక్కడ ఆగుతుందో వినాలి. హ్యాండ్‌సెట్ మెడ దగ్గర తెగితే అక్కడికి కోసి మళ్లీ అతికిస్తే సరిపోతుంది. నడిమిన చుట్టల్లో తెగితే అతుకు నిలవదు, కేబులే మార్చాలి.

దావీదు తెచ్చింది రెండో రకం.

ముప్పై దాటిన మనిషి. హ్యాండ్‌సెట్‌ను ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఏందన్నా, ఇది బతుకుతాదా?" అన్నాడు.

"డాక్టర్ని అడిగినట్టు అడుగుతాండావే" అన్నాను.

"డాక్టరు లోపలికి తీస్కపోయి కోస్తాడు. నువ్వు మన కండ్ల ముందరే కోస్తావని చెప్పినారు. అందుకే నీ కాడికి వచ్చినా."

అతనిది ఆళ్లగడ్డ. అన్న పేరు ఏసోబు. అన్నదమ్ములిద్దరూ కలిసి కృష్ణ నీళ్ల మీద ఒక ఇంజను బోటు తిప్పేవాళ్లు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మనుషుల్ని, మోటారు సైకిళ్లను, మేకల్ని దాటించడం వాళ్ల పని. కుటుంబాలు ఆళ్లగడ్డలోనే ఉంటాయి, వారానికొకసారి ఒకరు మార్చి ఒకరు ఇంటికి పోయి వస్తారు. పొద్దు గూకే వేళ ఆఖరి ట్రిప్పు ముగిశాక దావీదు ఖాళీ బోటుతో అవతలి గట్టుకు పోయి అక్కడే పడుకుంటాడు. మొదటి ట్రిప్పు అటువైపు నుంచి మొదలవుతుంది కాబట్టి ఆ ఏర్పాటు. నీళ్ల నడిమధ్య సెల్లుకు సిగ్నలుండదు. అందుకని బోటులో ఒక సెట్టు, ఈ గట్టు మీద అన్న గుడిసెలో ఒక సెట్టు.

"చేరినంక రెండు మాట్లు బటన్ నొక్కుతా. అంతే. మా యన్న సరే అంటాడు, బ్యాటరీ ఖర్చవుతాదని సెట్టు ఆపేస్తాడు."

"మాట్లాడరా?"

"ఏం మాట్లాడేదన్నా. పగలంతా తిట్టుకుంటానే ఉంటాం గదా."

నేను అప్పటికి కేబులు వంచి చూస్తున్నాను. బటన్ తీగ నడిమిన తెగింది. చెవి స్పీకరు తీగ ఎప్పుడో పోయింది. అది లేకపోయినా నష్టం లేదు, సెట్టు ఒంట్లోనే పెద్ద స్పీకరు ఉంది. మిగిలినవి రెండే, మైకు తీగ, గ్రౌండ్.

కొత్త కేబులు చెన్నై నుంచి రావడానికి పది రోజులు పడుతుందని చెప్పాను. దావీదు ముఖం చిన్నబోయింది. "పది దినాలా. మా యన్న పొద్దు మునిగినాక గట్టు మీదనే కూసుంటాడన్నా, నేను చేరినానో లేదో తెలిసేదాక తినడు. నొక్కు పోయినప్పట్నుంచి ఆయప్పకు అన్నం లేదు. ఏదో ఒకటి చెయ్. మాట వద్దు, నొక్కు పోతే చాలు."

చేయడానికి ఒక మార్గం ఉంది. ఆ సంగతి మా పనిలో అందరికీ తెలుసు, ఎవరూ గొప్పగా చెప్పుకోరు. బతికున్న మైకు తీగను బటన్‌కు మార్చడం. అప్పుడు బటన్ నొక్కితే గాలిలోకి సిగ్నలు పోతుంది, మాట మాత్రం పోదు. అవతలి సెట్టులో వచ్చే బుస్సుమనే చప్పుడు టక్కున ఆగుతుంది, వదిలితే మళ్లీ మొదలవుతుంది. వాళ్లు నొక్కు అనేది దాన్నే.

"ఏదన్నా ఆపద వస్తే?" అని అడిగాను. అడిగినట్టు నాకు బాగా గుర్తుంది. అది గుర్తుండటం వల్ల నాకేమీ ఒరగలేదు.

"వస్తే ఈదుకుంటా వస్తా. ఆళ్లగడ్డ బావుల్లో నేర్చిన ఈతన్నా నాది. ఆ బావుల్లో మునగనోడు యాడా మునగడు."

చేశాను. టిన్సెల్ వైరుకు టంకం పట్టదు, దారం కాలిపోతుంది. ముందు దాని మీద వెంట్రుక మందం రాగి తీగను బిగువుగా చుట్టి, ఆ చుట్టు మీద టంకం వేయాలి. పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి, రెండు చివర్లా జిగురు పోసి నీళ్లు దూరకుండా మూశాను. యాభై సార్లు లాగి చూశాను. యాభై సార్లూ నొక్కు పోయింది. ఇరవై నిమిషాల పని. అంత శుభ్రమైన అతుకు నేను ఆ తర్వాత మళ్లీ వేయలేదు.

"మాట పోదు, గుర్తు పెట్టుకో. కేబులు రాగానే ఫోన్ చేస్తా" అన్నాను.

"మాట పోకుంటే మా యన్నకే సుఖం" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

కేబులు పన్నెండో రోజు వచ్చింది. ఫోన్ చేశాను, అందుబాటులో లేదంది. మరుసటి రోజు ఇంకోసారి చేశాను. తర్వాత పెళ్లిళ్ల సీజను మొదలైంది, యాంప్లిఫయర్లు వరసగా వచ్చి పడ్డాయి. కేబులును షాపులో కొక్కేనికి తగిలించాను. దావీదు వస్తే కనపడుతుందని కాబోలు.

జూన్ నెల మొదట్లో ఏసోబు వచ్చాడు. తమ్ముడికంటే పొట్టి, గడ్డం మాసి ఉంది. గోనెసంచి విప్పి సెట్టునూ, హ్యాండ్‌సెట్‌నూ బల్ల మీద పెట్టాడు. సెట్టు సందుల్లో ఎండిన బురద ఉంది. నేను కేబులు మీది నా అతుకును గుర్తుపట్టాను. మనిషిని అడగాల్సిన ప్రశ్న అడగకుండా నేను ముందు అతుకును చూశాను.

"నేను దావీదు వాళ్లన్నను. నా తమ్ముడు పోయినాడు. నెల దాటింది" అన్నాడు.

కూర్చోమన్నాను. కూర్చోలేదు. జరిగింది నిలబడే చెప్పాడు. ఏప్రిల్ ఆఖర్లో ఒక సాయంత్రం దావీదు ఆరున్నరకు ఈ గట్టు విడిచాడు. అవతలికి నలభై నిమిషాల దారి. వేసవిలో నీళ్లు తగ్గితే మునిగిన ఊళ్ల చెట్ల మోళ్లు పైకి తేలకుండా నీళ్ల కిందే ఒక అడుగు లోతులో నిలుస్తాయి. ఆ రోజు గాలి కూడా లేచింది. బోటు మోడుకు తగిలి అడుగు చీలిందని, అది మునగడానికి కాసేపు పట్టి ఉంటుందని తర్వాత చూసినవాళ్లు చెప్పారు. దావీదు మూడో రోజు చేపల వలల్లో దొరికాడు. ఈతకు అలలు అడ్డం రాలేదేమో గానీ వలలు అడ్డం వచ్చాయి. బోటు మాత్రం నీళ్లు ఇంకా తగ్గాక, నెలకు బయటపడింది. సరిగ్గా సగం దారిలో.

"నాకు ఆ దినం రెండు నొక్కులు వచ్చినాయి" అన్నాడు ఏసోబు. "దేవుని సాక్షిగా వచ్చినాయి. సరే రా, పండుకోపో అని చెప్పినా. సెట్టు ఆపినా. అన్నం తిన్యా. పొద్దున బోటు రాకపాయె."

నేను టంకం కడ్డీ స్విచ్చి ఆపాను.

"బోటు సగం దావలో దొరికింది గదా. చేరకముందే మునిగినోడు చేరినానని ఎట్ల నొక్కుతాడు అంటాది మా మరదలు. నొక్కు రాలేదు, నువ్వు గట్టు మీద లేవు, యాడికో పోయి ఇప్పుడు అబద్ధం చెప్తాండావు అంటాది. నా తమ్ముని బిడ్డను నా చేతికి ఇయ్యదు. గడప తొక్కనియ్యదు."

అని, బల్ల మీద రెండు చేతులూ ఆనించి, తను అడగడానికి వచ్చిన ప్రశ్న అడిగాడు. "ఇది తనంతట తానే నొక్కుకునే దోవ ఉంటాదా అన్నా? వైరు తడిసో, లాగితేనో?"

అతనికి కావలసిన జవాబు ఏదో నాకు అర్థమైంది. ఉంటుంది అంటే చాలు. తీగ తడిసింది, సెట్టు దానికదే రెండు సార్లు పలికింది, ఎవరూ నొక్కలేదు, ఎవరూ పిలవలేదు. అన్న అబద్ధం ఆడలేదు, తమ్ముడు ఒక్క క్షణంలో పోయాడు. నాకూ అదే జవాబు బాగుండేది. కానీ చేసిన పని ఎదురుగా ఉంటే దాన్ని చూడకుండా చెప్పడం నాకు చేతకాదు.

వెనక నుంచి బకెట్టుతో నీళ్లు తెచ్చాను. మీటరు తగిలించి కేబులును మొత్తం ముంచాను. కూత రాలేదు. నీళ్లలోనే లాగాను, మెలిపెట్టాను, అతుకు దగ్గర వంచాను. రాలేదు. బటన్ మీద రబ్బరు తొడుగు ఉంది, లోపల ఇంకా పొడిగానే ఉంది. వేలితో నొక్కాను. వెంటనే కూత వచ్చింది. నెల రోజులు నీళ్లలో ఉండి కూడా నా రిపేరు చెక్కుచెదరలేదు.

"లేదప్పా. ఎవరో ఒకరు నొక్కితేనే నొక్కు పడుతుంది" అన్నాను.

"ఎన్నింటికి వచ్చినాయి నొక్కులు?" అని అడిగాను.

"ఏడు కాలేదు. గాలి వెనక నుంచి కొడతాంది, బిరీన చేరినాడు అనుకున్యా. ఎప్పుడూ టక్ టక్ అని కొడతాడు. ఆ దినం సాగదీసినాడు. ఒక్కో నొక్కు ఇంతసేపు." చెయ్యి చాచి చూపించాడు, నొక్కుకు పొడవు ఉన్నట్టు.

నాకు అర్థమైంది. అతనికీ అర్థమైందో లేదో ఆ రోజు తెలియలేదు. "మా మరదలికి వచ్చి చెప్పన్నా. నొక్కు వచ్చిందని చెప్పు, చాలు. నేను చెప్తే నమ్మదు" అన్నాడు.

ఆదివారం ఆళ్లగడ్డ బస్సెక్కాను. అంతకంటే ఇష్టంలేని ప్రయాణాలు నేను రెండు చేశాను, రెండూ ఆసుపత్రులకే. ఏసోబు బస్టాండులో నిలబడి ఉన్నాడు. చర్చి వీధి దాటి, కడప రోడ్డుకు అడ్డంగా పోయే సందులో ఇల్లు. ఏసోబు గుమ్మం బయటే ఆగాడు.

దావీదు భార్య సువార్త అక్కడే ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. నాకు కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. బావ వైపు చూడలేదు. నేను హ్యాండ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి, పరీక్ష సంగతి చెప్పాను. నొక్కు పోయే స్థితిలోనే ఉందనీ, మీ బావ విన్నానంటే వినే ఉంటాడనీ చెప్పాను.

"సగం దారిలో ఉండి చేరినానని ఎందుకు కొడతాడు సార్?" అంది.

"చేరానని కొట్టి ఉండడమ్మా."

"మరి?"

నేను దావీదు షాపుకు వచ్చిన రోజు సంగతి చెప్పాను. నాలుగు తీగల్లో రెండే మిగిలాయనీ, మాట పోయే తీగను తీసి నొక్కుకు వేశాననీ చెప్పాను. కొత్త కేబులు వచ్చి నా షాపులోనే వేలాడుతోందని కూడా చెప్పాను. ఎవరూ అడగకముందే చెప్పడం ధైర్యం వల్ల కాదు. ఆమె ఎలాగూ ఆ ప్రశ్న దగ్గరికే వస్తుందని కనబడుతోంది.

ఆమె లెక్క చేస్తున్నట్టు ఒక్కో మెట్టే దిగింది. "అంటే నొక్కి మాట్లాడినా మాట వినపడదు."

"వినపడదు."

"మాట పోదని ఆయనకు తెల్సా?"

"చెప్పాను. తెలుసు. కానీ బోటు మునుగుతుంటే తెలిసినవాడు కూడా అరుస్తాడమ్మా. నొక్కి పట్టుకుని అరిచి ఉంటాడు."

సువార్త మొదటిసారి గుమ్మం వైపు తిరిగింది. "నొక్కు ఎంతసేపు ఉండె బావా?"

ఏసోబు చెప్పలేదు. ఆమె మళ్లీ అడిగింది, పిల్లల చేత బోర్డు దగ్గర లెక్క చెప్పించేటప్పటి గొంతుతో. "ఎంతసేపు?"

"అన్నా అనేంత సేపు" అన్నాడు. "అన్నా, రా అనేంత సేపు."

లోపల ఎక్కడో ప్రెషర్ కుక్కర్ కూసింది. ఎవరూ లేవలేదు.

"రెండేనా?"

"నేను రెండు విని ఆపేసినా. ఇంగెన్ని కొట్టినాడో..."

ఆమె కాసేపు బల్ల గీతల మీద వేలితో రాసింది. తర్వాత నన్ను అడిగింది. "బావ సరే, పండుకోపో అన్నాడంట గదా సార్. అది బోటులో వినపడి ఉంటాదా? స్పీకరు పని చేస్తాండెనా?"

ఏసోబు తల ఎత్తలేదు. నేను అంతకుముందే షాపులో సెట్టు బురద కడిగి, ఎండబెట్టి, కరెంటు ఇచ్చి చూశాను. స్పీకరు గట్టిగా, స్పష్టంగా పలికింది. పాత జపాను స్పీకరు, దాన్ని చెడగొట్టడం నీళ్ల వల్ల కాదు.

"స్పీకరు సంగతి చెప్పలేనమ్మా. లోపలికి నీళ్లు పోయినాయి" అన్నాను.

ఆమె నన్ను నమ్మింది. లేదా నమ్మాలనుకుంది. లేచి గుమ్మం దగ్గరకు పోయి, "లోపలికి రా బావా" అంది. అతను లోపలికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నువ్వు అబద్ధం ఆడలేదు" అంది. ఒక ఊపిరి తీసుకుని, "ఆడింటేనే బాగుండు" అంది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. లోపలికి వెళ్లి స్టవ్ ఆపింది.

నన్ను తిట్టలేదు. మా నాయన చెప్పిన లెక్క ఆ ఒక్కచోట తప్పింది. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది, ఆ సంగతి ఆమెకు తెలిసే మానుకుందేమో అని కూడా అనుకున్నాను. అట్లా అనుకోవడం కూడా నా గురించి నేను ఆలోచించుకోవడమే.

ఏసోబు నన్ను బస్టాండుదాకా దిగబెట్టాడు. చాగలమర్రి నుంచి రావలసిన బస్సు ఆలస్యమైంది. ఇద్దరం టీ స్టాలు నీడలో నిలబడ్డాం. టీ ఇప్పించాడు. చల్లారేదాకా ఎవరమూ తాగలేదు.

"స్పీకరు పనిచేసింది గదా అన్నా" అన్నాడు.

బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూశాను.

"ఆ స్పీకరు ఎన్నడూ చెడిపోల్యా. నేను గుడిసెలో తుమ్మితే వానికి ఆ గట్టున వినపడుతుండె. వాడు నవ్వుతుండె." కప్పు కింద పెట్టాడు. "చెప్పన్నా. నువ్వు ఆ యమ్మకు చెప్పకున్యా నాకు చెప్పు."

"పనిచేసింది" అన్నాను.

తల ఊపాడు, ముందే తెలిసిన ధర విన్నవాడిలా. "అంటే నేను పండుకోపో అన్నది విన్నాడు. విని మళ్లా నొక్కింటాడు. అప్పటికి ఈడ సెట్టు ఆగిపోయింది."

"అది నీకు తెలిసే దారి లేదప్పా."

"ఉందో లేదో, జరిగింది అదే." లుంగీ సర్దుకుని నిలబడ్డాడు. "నెల దినాలు ఆ యమ్మ నన్ను అబద్ధాలకోరు అంటే పడినా. ఇప్పుడు లోపలికి రమ్మని పిలిచింది. ఈ సంగతి దాచిపెట్టి ఆ ఇంట్లో అన్నం తింటే అప్పుడు నిజంగానే అబద్ధాలకోరు అయితా."

"చెప్తే మళ్లీ గడప తొక్కనియ్యకపోవచ్చు."

"తొక్కనియ్యకపోనీ. అది ఆయమ్మ ఇష్టం. చెప్పాల్సింది నువ్వు గాదన్నా, నేను. పండుకోపో అన్నది నేను."

బస్సు వచ్చింది. నేను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఏసోబు చెయ్యి ఊపలేదు. వచ్చిన దారినే, ఎండలో, చర్చి వీధి వైపు నడిచిపోయాడు. తొందర లేకుండా, ఆగకుండా నడిచాడు. సువార్త ఏమందో నేను అడగలేదు. ఏసోబు చెప్పలేదు. ఇది రాసేముందు ఫోన్ చేసి, రాసుకోమంటావా అని అడిగాను. "ఆయమ్మకు తెలియంది ఏమీ రాయబోకు" అన్నాడు. ఇందులో ఆమెకు తెలియంది ఏమీ లేదు.

వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఈ కేసులో తప్పు ఎక్కడుందని అడుగుతారు. అతుకులో లేదు. అది ఇంకా బాగానే ఉంది. కస్టమరు అడిగింది చేశాను, చెప్పాల్సిన హెచ్చరిక చెప్పాను, పరీక్ష పెట్టాను. ఎలా చూసినా నేను పాసే. తప్పు ఏమిటంటే, అతని మామూలు రోజుకు సరిపోయే వస్తువును ఇచ్చి పంపాను. మామూలు రోజున రెండు నొక్కులకు ఒకటే అర్థం. అది మామూలు రోజు కాకపోతే నొక్కు ఏం చెబుతుందో అతనికీ నాకూ తట్టలేదు. అసలు రేడియో లేకుండా పంపి ఉంటే ఆ అన్న గట్టు మీద తినకుండా కూర్చునేవాడు. ఏడున్నరకు, ఎనిమిదికి కంగారుపడేవాడు. ఇంకో బోటువాణ్ని లేపేవాడు. సమయానికి అందేవాళ్లో లేదో చెప్పలేను. నేను బాగుచేసిన వస్తువు అతన్ని అన్నం తిననిచ్చింది.

ఇప్పుడు నా షాపులో మాట పోని సెట్టు బల్ల దాటి బయటికి పోదు. మొన్న బండి ఆత్మకూరు వైపు నుంచి కంకర మిషనువాడొకడు సరిగ్గా ఇలాంటి కేబులే తెచ్చాడు. మాట అక్కర్లేదప్పా, నొక్కు పోతే చాలు, మావాళ్లకు అర్థమవుతుంది అన్నాడు. కుదరదన్నాను. కేబులు తెప్పిస్తా, పది రోజులు ఆగమన్నాను. ఆగనన్నాడు. అప్పుడు నేను కట్టరు తీసుకుని, అతను చూస్తుండగానే మిగిలిన రెండు తీగల్నీ తుంచి ఇచ్చాను.

"ఇదేం రిపేరప్పా" అన్నాడు.

"ఇప్పుడు నీ దగ్గర రేడియో లేదు. లేదని నీ మనుషులందరికీ చెప్పు" అన్నాను.

తిట్టుకుంటూ పోయాడు. మళ్లీ రాలేదు. ఇంకోచోట నొక్కు అతికించుకున్నాడో, కొత్త కేబులే వేయించుకున్నాడో నాకు తెలియదు.